మట్టిబెడ్డ నుండి పుట్టిన దీవి

ఏథెన్సు నగరమునకు రేవైన పైరియస్ నుండి ఉదయముననే బయలుదేరిన పెద్ద ఓడ ఏజియన్ సముద్రమున దక్షిణముగా సాగి, నడుమ రెండు మూడు దీవుల కడ ఆగి, సుమారు ఎనిమిది గంటలకు థీరా ద్వీపమును చేరును. ఈ ద్వీపమునకే సాంతొరీని యని మరియొక పేరు. పటమునందు చూచినచో నిది విరిగిన గాజుముక్కవలె వంపు తిరిగి కనబడును. దానికెదురుగా థిరాసియా యను చిన్నముక్క, ఆ రెండింటి నడుమ అస్ప్రొనీసి యను అతి చిన్నముక్క కలవు. ఈ మూడింటిని కన్నులతో కలిపి చూచినవారికి ఒకప్పటి గాజు యొక్క గుండ్రదనము తెలియును. ప్రాచీన గ్రీకులు ఈ ద్వీపమునకు ‘గుండ్రనిది’ యను అర్థమిచ్చు స్ట్రాంగలీ యను పేరు కూడ పెట్టియుండిరి.

ఓడ ఈ ముక్కల నడుమనున్న సందులోనుండి లోపలికి ప్రవేశించినంతనే యాత్రికులందరును పైయంతస్తునకు పరుగెత్తుదురు. అంతవరకు ముచ్చటలాడుచున్నవారు కూడ ఒక్కసారిగా మాటలు మానుదురు. నాలుగు దిక్కుల నలుపు, ఎరుపు, బూడిద, తెలుపు వన్నెల పొరలు గల కొండచరియలు నీటినుండి నిట్టనిలువుగా లేచియుండును. కొన్నిచోట్ల వాని యెత్తు 300 మీటర్లు. ఆ యెత్తున, అంచు వెంబడి, కొంగలబారు వ్రాలినట్లు తెల్లని యిండ్లు కనబడును. ఓడ క్రింది నీరు దాదాపు 400 మీటర్ల లోతు. అది సాధారణమైన అఖాతము కాదు, అగ్నిపర్వతపు నోరు. ఇట్టి గుంటను శాస్త్రజ్ఞులు కాల్డెరా యందురు. స్పానిషు భాషలో ఆ మాటకు కాగు అని యర్థము. పండ్రెండు కిలోమీటర్ల పొడవు, ఏడు కిలోమీటర్ల వెడల్పు గల ఆ కాగునకు నడుమ నల్లని లావారాళ్లతో రెండు చిన్న దీవులు కలవు. వానిలో నేయా కమేని యను దానిమీద నడచునపుడు రాళ్ల సందులనుండి నేటికిని వేడియావిరి వెలువడుచుండును. గంధకపు వాసన ముక్కునకు సోకును.

క్రీ. పూ. 1600 ప్రాంతమున ఈ పర్వతము బ్రద్దలయ్యెను. మానవజాతి ఎరిగిన మహావిస్ఫోటములలో నిది యొకటి. లోపలి శిలాద్రవము బయటికి ఎగజిమ్మబడగా, ఆధారము లేని నడిమి భూమి కూలి సముద్రము పాలయ్యెను. మిగిలిన యంచులపై బూడిదయు, నురుగువలె రంధ్రములు గల తేలికరాయియు పదుల మీటర్ల మందమున కప్పుకొనెను. ఆ పొరలలో నిలువుననే పూడిపోయిన ఒక ఒలీవచెట్టు కొమ్మ దొరకినది. 2006వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దానియందలి కర్బనమును పరీక్షించి, విస్ఫోటము క్రీ. పూ. 1627కును 1600కును మధ్య జరిగియుండునని గణించిరి. ఈజిప్టు వస్తువులతో పోల్చి లెక్క వేయువారు కొందరు దానిని ఇంకను కొంత తరువాతి కాలమునకు తెత్తురు. వివాదము తీరలేదు; కాని చెట్టు మాత్రము తన సాక్ష్యము తాను చెప్పినది.

ఇట్టి చోట మనుష్యులు ఏల కాపురముందురు? థీరాను చూచిన ప్రతివానికిని మొదట తోచు ప్రశ్న యిదియే. ఒకసారి కాదు, పలుమార్లు ఈ ద్వీపవాసులు ఊరు విడిచిపోయిరి, పలుమార్లు తిరిగివచ్చిరి. ఒకమారు తిరిగివచ్చినవారిని సొంత బంధువులే ఒడ్డున అడుగు పెట్టనీయలేదు. ఆ కథ తరువాత.

ఈ దీవి పుట్టుకను గూర్చి గ్రీకులు చెప్పుకొనిన కథ యొకటి కలదు. బంగారు ఉన్ని గల పొట్టేలు చర్మమును తెచ్చుటకై ఆర్గో యను ఓడనెక్కి పోయిన వీరులలో యూఫీమస్ యనువా డొకడు. తిరుగు ప్రయాణమున వారు ఆఫ్రికా తీరమున దారితప్పియుండగా, సముద్రదేవుని కుమారుడైన ట్రైటను వారికి త్రోవ చూపి, అతిథికి ఈయదగినది వేరేమియు చేతలేక, నేలనుండి ఒక మట్టిబెడ్డను తీసి యూఫీమస్ చేతిలో పెట్టెను. బంగారమును వెదకబోయినవానికి మట్టిబెడ్డ కానుక! అతడు దానిని పారవేయక భద్రపరచెను. ఒక రాత్రి కలలో ఆ బెడ్డ అతని రొమ్ముపై పాలతో తడిసి, స్త్రీరూపము దాల్చి, తాను ట్రైటను కూతురననియు, తన్ను సముద్రమున విడిచినచో అతని సంతతికి నివాసమయ్యెదననియు చెప్పెను. మేల్కొని అతడు దానిని నీటిలో వేయగా అది దీవియై పైకి లేచెను. దానికి కల్లిస్తే, అనగా మిక్కిలి సుందరమైనది, అని పేరు వచ్చెను. అపొలోనియస్ యను కవి కథను ఇట్లు చెప్పినాడు. అతనికంటె పూర్వుడైన పిండారు మాత్రము, ఓడలోనివారు ఏమరుపాటున ఉండగా అల వచ్చి బెడ్డను కొట్టుకొనిపోయెనని చెప్పెను. సముద్రమునుండి నేల లేచుటను కన్నులార చూచిన జాతికిగాని ఇట్టి కథ తోచదు. క్రీ. పూ. 197లో ఈ కాగు నడుమ నాలుగు దినములు మంటలు లేచి, క్రొత్తదీవి యొకటి పైకి వచ్చినదని భూగోళ గ్రంథకర్త స్ట్రాబో వ్రాసియున్నాడు.

మొదటి మారు ఊరు విడిచినవారి సంగతి భూమిలోనే చిరకాలము దాగియుండెను. అది బయటపడిన విధము చిత్రమైనది. థీరా మట్టిని సున్నముతో కలిపినచో నీటియందును రాయివలె గట్టిపడును. ఈజిప్టున సూయెజ్ కాలువను త్రవ్వుచున్న కాలమున, 1860 తరువాతి సంవత్సరములలో, రేవుల కట్టడములకై ఆ మట్టిని ఓడలకెత్తి తీసికొనిపోయిరి. అట్లు థిరాసియాలో త్రవ్వుచుండగా మట్టిక్రింద గోడలు కనబడినవి. 1866లో మరల మేల్కొనిన అగ్నిపర్వతమును పరిశీలించుటకు వచ్చిన ఫూకే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వానిని చూచి, అవి విస్ఫోటమునకు పూర్వపు మనుష్యుల యిండ్లని గ్రహించెను. కాలువ పూర్తియైనది, గోడల సంగతి పండితులు కొందరికి తప్ప తక్కినవారికి పట్టలేదు.

పిమ్మట నూరేండ్లకు, 1967లో, స్పిరిడాన్ మారినాటోస్ యను గ్రీకు పురావస్తుశాస్త్రజ్ఞుడు ద్వీపపు దక్షిణ భాగమునందలి అక్రొతీరి గ్రామమువద్ద పారవేసెను. క్రీటు ద్వీపమునందలి ప్రాచీన నాగరకత థీరా విస్ఫోటము వలననే నశించినదని అతడు 1939లోనే వ్రాసియుండెను. పార పడిన కొలది దినములకే ఒక పట్టణము కనబడ నారంభించినది. రెండంతస్తులు, మూడంతస్తులు గల యిండ్లు, రాతి మెట్లు, సన్నని వీధులు, వీధులక్రింద మురుగుకాలువలు, మేడమీది మరుగుదొడ్డి నుండి గోడలోని గొట్టము ద్వారా ఆ కాలువలోనికి దారి! మూడువేల ఆరువందల యేండ్ల నాటి యేర్పాటిది. కొయ్య కుళ్లిపోయి బూడిదలో మిగిలిన ఖాళీలలో సుద్దద్రావణము పోసి, మంచములు మొదలగువాని ఆకారములను శాస్త్రజ్ఞులు మరల చూడగలిగిరి.

గోడలపై చిత్రములు మరింత ఆశ్చర్యకరములు. ఎఱ్ఱని గుట్టలపై లిల్లీపూలు, వానిపై ముద్దులాడుకొనుచు నెగురు వానకోయిలలు. రెండు చేతులనిండ చేపలగుత్తులు పట్టుకొనిన జాలరి పిల్లవాడు. ముష్టియుద్ధము సలుపు ఇరువురు బాలురు. కుంకుమపువ్వు ఏరు బాలికలు. ఒక రేవునుండి మరియొక రేవునకు పోవు ఓడల బారు. వీనిలో రాజుల విజయములు, బందీల తలలు కానరావు. ఒక గదిలో నీలవర్ణపు కోతులు రాళ్లపైకి ఎగబ్రాకుచుండును. ఈజియన్ ప్రాంతమున కోతులు లేవు. అవి ఆఫ్రికా కోతులని చాలకాలము తలచిరి. కాని వాని తోకలు పైకెత్తి వంచియుండు తీరును బట్టి, అవి భారతదేశపు కొండముచ్చులు కావచ్చునని 2019లో కొందరు పురావస్తుశాస్త్రజ్ఞులును, కోతులను గూర్చి పరిశోధించువారును కలిసి వెలువరించిన వ్యాసమున అభిప్రాయపడిరి. ఇది ఇంకను ఊహయే. అయినను సింధునది ప్రాంతమునకును పశ్చిమ దేశములకును ఆ కాలమున వర్తకమార్గములు లేకపోలేదు. తెలుగునాట గుడిగోపురములపై గంతులు వేయు కొండముచ్చు అంతదూరపు గోడపై కూర్చుండుట సాధ్యమేయైనచో, దానిని చూచి చిత్రించినవాని కన్నుకు మ్రొక్కవలసినదే.

ఇంత త్రవ్వినను ఆ యిండ్లలో విస్ఫోటమునకు బలియైన మనుష్యుని అస్థిపంజర మొక్కటియు ఇంతవరకు దొరకలేదు. ఇటలీయందలి పాంపేయిలో నూర్లకొలది జనులు పడినచోటనే బూడిదలో మునిగియుండిరి. ఇక్కడ నట్లు కాదు. నగలును చాలవరకు లేవు. 1999లో ఒక చిన్న బంగారు కొండమేక బొమ్మ పెట్టెలో దొరకినది, అంతే. మొదట పెద్ద భూకంపము వచ్చియుండవలెను. జనులు బయటికి వచ్చి, కొంతకాలమునకు తిరిగివచ్చి, కూలిన రాళ్లను వీధులలో కుప్పలు వేసి, మంచములను ఇండ్లనుండి వెలుపలికి తెచ్చి, ధాన్యపు బానలను ఒకచోట చేర్చి, మరమ్మతులు చేసికొనుచుండిరి. ఆ పని సగములో నున్నది. అంతలో కొండ మరల హెచ్చరించినది కాబోలు. ఈసారి విలువైనవానిని తీసికొని వెడలిపోయిరి. ఓడలెక్కి ఎచ్చటికైన చేరిరో, ఎగసిన అలలలో కలిసిపోయిరో, రేవుకడ ఇంకను త్రవ్వని చోట బూడిదక్రింద ఉన్నారో! మరమ్మతు కొరకు కలిపిన సున్నమువంటి పూతయు, దానిని పూయవలసిన గోడయు మాత్రము అట్లే యున్నవి.

మారినాటోస్ 1974లో ఆ త్రవ్వకముల చోటనే ప్రమాదవశమున మరణించెను. అతని సమాధియు అక్కడనే యున్నది. 2005లో త్రవ్వకములపై వేసిన క్రొత్తకప్పులో కొంతభాగము కూలి ఒక యాత్రికుడు చనిపోగా, ఆ స్థలమును 2012 వరకు మూసియుంచిరి. నేడు యాత్రికులు నీడపట్టున కట్టిన వంతెనలపై నడచుచు క్రింది వీధులను చూతురు. తత్త్వవేత్త ప్లేటో వర్ణించిన, ఒక్క పగలు ఒక్క రాత్రిలో సముద్రమున మునిగిన అట్లాంటిసు ఇదియేయని అమ్మకపు వస్తువులన్నిటిమీద వ్రాసియుండును. కాని ప్లేటో చెప్పిన దేశము జిబ్రాల్టరు జలసంధికి ఆవలిది. అతని లెక్కలో అది తొమ్మిదివేల యేండ్ల నాటిది. అక్రొతీరికి అట్టి అరువుపేరు అక్కరలేదు.

విస్ఫోటము తరువాత దీవి చాలకాలము పాడుపడియుండెను. పిదప స్పార్టా నుండి థీరాసు అనువాడు జనులను తెచ్చి స్థిరపడెననియు, వాని పేరే దీవికి వచ్చెననియు చరిత్రకారుడైన హెరొడోటస్ వ్రాసెను. వారు అగ్నిపర్వతపు నేలను నమ్మక, ద్వీపమునందలి ప్రాచీనమైన సున్నపురాతి కొండపై 369 మీటర్ల యెత్తున పురమును కట్టిరి. గాలి విసరునపుడు ఆ శిథిలముల నడుమ నిలుచుటయే కష్టము. రాళ్లపై చెక్కిన పేర్లలో గ్రీకు అక్షరముల అతిప్రాచీన రూపములు కొన్ని కానవచ్చును.

క్రీ. పూ. ఏడవ శతాబ్దమున ఆ పురమునకు కరవు వచ్చెను. హెరొడోటస్ చెప్పిన ప్రకారము ఏడేండ్లు వాన లేదు. దీవిలో ఒక్కటి తక్క చెట్లన్నియు ఎండిపోయెను. డెల్ఫీ ఆలయమునందలి దేవవాణి వారిని లిబియాకు పోయి పురము కట్టుడని ఆజ్ఞాపించెను. లిబియా ఎక్కడ నున్నదో థీరావారి కెవరికిని తెలియదు. క్రీటు ద్వీపమునకు పోయి విచారించగా, ఊదారంగు నిచ్చు నత్తలను పట్టు కొరోబియస్ యను వృద్ధుడు, ఒకప్పుడు గాలికి కొట్టుకొనిపోయి తా నా తీరపు దీవిని చూచితినని చెప్పెను. వారు అతనికి జీతమిచ్చి తోడ్కొనిపోయి, కొన్ని నెలల తిండితో అతనిని ఆ దీవిమీద విడిచి, వార్త చెప్పుటకు ఇంటికి తిరిగివచ్చిరి. చెప్పిన గడువు దాటెను, వారు పోలేదు. తిండి అయిపోయి ముసలివాడు ప్రాణములు విడుచునట్లుండగా, త్రోవ తప్పి వచ్చిన సామోసు ద్వీపపు ఓడవారు అతనికి ఏడాదికి సరిపడు ఆహార మిచ్చిపోయిరి. ఆ పరాయివారి పుణ్యము చిరకాలము మరపురాలేదని చరిత్రకారుడు చెప్పుచున్నాడు.

తుదకు థీరావారు నిశ్చయించుకొనిరి. అన్నదమ్ములున్న ప్రతి యింటనుండి ఒకడు పోవలెను. ఎవడు పోవలెనో చీట్లు వేసి తేల్చవలెను. ఒకే కంచమున తిన్నవారిలో ఒకడు ఇంట నుండును, ఒకడు మరల ఇల్లు చూడడు. ఏబది తెడ్ల ఓడలు రెండు సిద్ధమైనవి. బట్టసు అను నత్తివాడు నాయకుడు. తన నత్తి పోవు ఉపాయమడుగుటకు అతడు డెల్ఫీకి పోగా, దేవవాణి అతనికి నత్తిమాట యెత్తక రాజ్యము కట్టు పని చెప్పినదట! తీరము చేరి ఏమి చేయుటకును తోచక వారు థీరాకు తిరిగివచ్చిరి. అప్పుడు ఒడ్డుననున్నవారు బాణములు వేసిరి. ఓడను నేలకు తాకనీయక, వచ్చిన దారినే పొమ్మనిరి. ఆ బాణములు వేసినవారిలో అన్నలుండిరి, తండ్రులుండిరి. దయలేనివారనుట తేలిక. కాని గింజలు లేని ఊరిలో రెండు ఓడల జనమునకు చోటెక్కడ?

కిరీని పురమున దొరకిన ఒక రాతిశాసనమునందు ఆ వలసవారి ప్రమాణమని చెప్పబడు భాగమున్నది. ఆ శాసనము సంఘటనకు మూడువందల యేండ్ల తరువాతిది. అందలి షరతు కొంత మెత్తనిది: అయిదేండ్లు పాటుపడియు నిలదొక్కుకొనలేనిచో వారు తమ యాస్తికి నిర్భయముగ తిరిగిరావచ్చును. ఈ ప్రమాణము చేయునపుడు స్త్రీలు పురుషులు బాలబాలికలు అందరును కూడి, మైనపు బొమ్మలను నిప్పులో వేసి, మాట తప్పినవాడు ఈ మైనమువలె కరగిపోవుగాక యని శపించుకొనిరట. బాణముల కథ నిజమో, అయిదేండ్ల గడువు నిజమో చెప్పుట కష్టము. ఇంటివారు తమకు అనుకూలముగా ఒకటి, పోయినవారు తమకు అనుకూలముగా ఒకటి జ్ఞాపకముంచుకొనుట లోకములో క్రొత్త కాదు. బట్టసు బృందము మరి ఎనిమిదేండ్లు తంటాలు పడి, తుదకు లిబియనులే చూపగా, ఆకాశమునకు చిల్లి పడినదని వారు చెప్పుకొను చోటికి, అనగా వానలు సమృద్ధిగా గల నేలకు, చేరిరి. క్రీ. పూ. 631 ప్రాంతమున అట్లు వెలసినదే కిరీని మహానగరము. వానకొరకు ఇల్లు విడిచినవారికి ఆకాశపు చిల్లియే వరమైనది.

థీరాలో నేటికిని వాన తక్కువ, నదులు లేవు. పూర్వము ఇంటి కప్పుమీద పడిన నీటిని తొట్లలో పట్టి త్రాగెడివారు. ఇప్పుడు సముద్రపు నీటినుండి ఉప్పు తీసి వాడుదురు. కలప లేదు కావున దూలములు లేని గుండ్రని కప్పులు కట్టిరి. పేదవారు నురుగురాతి చరియలలోనికి తొలిచి గుహలవంటి ఇండ్లు చేసికొని సున్నము కొట్టిరి. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా నుండు ఆ పేదల గుహలే నేడు ధనిక యాత్రికులు అధికధనమిచ్చి నిద్రించు గదులైనవి.

పొలములలో ద్రాక్షతోటలను చూచినవారు అవి తోటలని నమ్మరు. పందిరి లేదు, గుంజ లేదు. పెనుగాలికి నిలువలేక తీగెలు విరిగిపోవును గనుక, రైతు ప్రతి తీగెను నేలమీదనే గుండ్రముగా చుట్టి బుట్టవలె అల్లును. పండ్లు ఆ బుట్టలోపల, గాలి ఇసుకల బాధ లేక, పండును. రాత్రివేళ సముద్రమునుండి వచ్చు మంచుతేమను నురుగురాయి పీల్చి వేళ్లకు అందించును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ద్రాక్షతోటలను నాశనము చేసిన పురుగు బంకమన్ను లేని ఈ బూడిదనేలలో బ్రతుకలేకపోయెను. తీగె ముదిరి కాపు తగ్గినపుడు బుట్టను కోసివేయుదురు. అదే వేరునుండి క్రొత్తచిగురు వచ్చును. కొన్ని వేళ్లు నూర్లయేండ్లవని చెప్పుదురు.

ఈ నేలలో పండునవి కొలది, కాని రుచి మెండు. రేగుపండ్లంతేసి టమాటాలు నీరు పెట్టకయే పండును. వానిని ఉల్లిపాయ, పుదీనాలతో నలిపి, పిండి కలిపి నూనెలో వేయించినచో పైన కరకరలాడుచు లోన తడిగా నుండు పకోడీలగును. తెల్లవంకాయ ఇక్కడ తీపి, గింజలు తక్కువ. గోడల సందుల నుండి వ్రేలాడు కేపరు మొక్కల మొగ్గలను ఊరవేసి నంజుకొందురు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఫావా. పచ్చని పప్పును మెత్తగ నుడికించి, ఎనిపి, పైన ఒలీవనూనె పోసి, ఉల్లిపాయముక్కలు చల్లి వడ్డింతురు. తెలుగువారికి అది ముద్దపప్పే. అన్నము మాత్రము ఉండదు, రొట్టెతో సరిపెట్టుకొనవలెను. అక్రొతీరి ఇండ్లలో ఇదే జాతి గింజలు దొరకినవి. కావున ఈ పప్పు ముద్ద నోట పెట్టుకొను యాత్రికుడు, వానకోయిలల గోడక్రింద భోజనము చేసినవారి వంటను రుచి చూచుచున్నట్లే.

కొండ మాత్రము నిదురపోలేదు. 1650లో ద్వీపమునకు ఈశాన్యమున సముద్రగర్భమందలి కొలుంబో యను పర్వతము ప్రేలగా, విషవాయువులచే పలువురు మనుష్యులును పెక్కు పశువులును మరణించిరి. కాగు నడుమ లావా చివరిసారి వెలువడినది 1950లో. 1956 జూలై 9వ తేదీ తెల్లవారుజామున ఇరువదవ శతాబ్దపు గ్రీకుదేశ భూకంపములలో మిక్కిలి పెద్దవానిలో నొకటి వచ్చెను. థీరాలో 50 మందికి పైగా మరణించిరి. వందలకొలది ఇండ్లు కూలినవి. ఓయా గ్రామము శిథిలమయ్యెను. మరల ఓడలు, మరల మూటలు. పలు కుటుంబములు ఏథెన్సునకు పోయి అక్కడనే స్థిరపడెను. టమాటాలను డబ్బాలలో నింపు కర్మాగారములు క్రమక్రమముగ మూతబడినవి. ఆ మీదట కొన్ని దశాబ్దములకు యాత్రికులు రాసాగిరి. 2023లో 15 వేల చిల్లర జనాభా గల ఆ దీవికి 30 లక్షలకు పైగా వచ్చిరి. పాతరేవునుండి ఫిరా పట్టణమునకు పోవు దాదాపు ఆరువందల మెట్లమీద వారిని మోయు గాడిదలకు ఎంత బరువు వేయవచ్చునో 2018లో ప్రభుత్వము కట్టడి చేయవలసివచ్చెను: 100 కిలోగ్రాములు, లేక గాడిద బరువులో అయిదవవంతు. అందమును చూడవచ్చినవారి బరువు ఎవరిమీద పడుచున్నదో గాడిదలే మొదట ఎరిగియుండును.

2025 జనవరి చివర భూమి మరల కంపింప నారంభించెను. ఫిబ్రవరిలో రాత్రింబవళ్లు, కొన్ని నిమిషముల కొకటి చొప్పున, వేలకొలది ప్రకంపనలు వచ్చెను. వానిలో పెద్దది 5.3 పరిమాణము గలది. బడులు మూసిరి. ఈతకొలనులలోని నీటిని తీసివేయుడనియు, పాత కట్టడముల దాపునకును చరియలక్రింది రేవులకును పోవలదనియు అధికారులు చాటించిరి. ద్వీపమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. పదివేల మందికి పైగా ఓడలలోను విమానములలోను వెడలిపోయిరి. సముద్రగర్భమున కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవము ప్రక్కకు త్రోసికొనిపోవుట వలన నిది జరిగినదని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చిరి. అది పైకి రాక ఆగిపోయెను. ఎవరును మరణింపలేదు.

కొందరు పోలేదు. థీరాలో ఫిబ్రవరి మాసము ద్రాక్షతీగెలను కత్తిరించి బుట్టలు అల్లు కాలము. ఆ పని ఆ మాసమున చేయనిచో చిగురు వచ్చివేయును. ముదిరిన చిగురు వంగదు, విరుగును. వసంతము నాటికి కంపనములు సన్నగిల్లగా, పోయినవారు మూటలతో తిరిగివచ్చి తలుపులు తీసిరి, గోడల నెర్రెలు చూచుకొనిరి, బయట సున్నము కలుపుకొనిరి. ద్రాక్షపండ్లను ఆ దీవిలో ఆగస్టు మాసమున కోయుదురు.